డెల్ఫియా వదిలిన ఖాళీ

డెల్ఫియా కాడిల్ పాట ఎత్తుకుంటే బీరు గ్లాసు కింద పెట్టని మగాడు హార్లో కౌంటీలో లేడు. పగలంతా గనిలో బొగ్గు తవ్వి, మెడ వెనక మసి కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చి కూర్చున్నవాళ్లు సైతం ఆ గొంతు వినగానే టోపీ తీసేవారు. శుక్రవారం మాజీ సైనికుల హాలు, శనివారం పక్క కౌంటీలో డాన్సు, మధ్యలో పెళ్లిళ్లు, గని కార్మికుల సమ్మె గుడారాలు. ఎక్కడ పిలిస్తే అక్కడికి గిటారు పట్టుకుని పోయింది. ఇద్దరు పిల్లల్ని పెంచింది, బడి వంటింట్లో ఏళ్ల తరబడి గరిటె తిప్పింది, మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చింది. పాట మాత్రం మానలేదు. ఇంత పాడినా ఆమె పేరు మీద చెప్పుకోదగ్గ రికార్డు ఒక్కటీ లేదు. నాష్‌విల్‌లో రికార్డులు వేసేవాళ్లకి ఆ రోజుల్లో బంగారు జుట్టూ సన్నని నడుమూ కావాలి. మన డెల్ఫియా నడుము గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఆమె పాట వినడానికి రాని మనిషి ఆ కౌంటీ మొత్తం మీద ఒక్కతే ఉంది. అది సొంత అక్క ఓమా.

ఓమాది వాగు ఒడ్డు బాప్టిస్టుల చర్చి. ఆ గడప లోపలికి వాయిద్యం అడుగుపెట్టదు. పెద్దాయన ఒకరు లేచి పాటలో ఒక వరుస గబగబా అందిస్తాడు. జనం ఆ వరుసనే అందుకుని, సాగదీసి, కొండదారి తిరిగినట్టు మెలికలు తిప్పి పాడతారు. మళ్లీ ఆయన అందిస్తాడు, మళ్లీ వీళ్లు అందుకుంటారు. డెల్ఫియా గిటారు భుజాన వేసుకుని మొదటిసారి బీరు హాలుకి బయలుదేరిన నాడు ఓమా వాకిట్లో నిలబడి తేల్చేసింది.

"నువ్వక్కడ పాడుకో, నేనిక్కడ పాడుకుంటా. నీ పాట నా చెవిన పడనివ్వకు. కూడు మాత్రం కలిసి తిందాం."

మహా మొండిది ఆ ఓమా. అన్న మాట మీద అలాగే నిలబడింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం చెల్లెలికి ఉడికిన బీన్సు, మొక్కజొన్న రొట్టె, నూనెలో వేయించిన ఆపిల్ కజ్జికాయలు వండి పెట్టేది. కోళ్లు, తోట, మోకాళ్ల నొప్పులు, ఊళ్లోవాళ్ల సంగతులు అన్నీ దొర్లేవి. పాట ఊసు ఎత్తితే మాత్రం లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టేది. లోకమంతా చప్పట్లు కొడుతున్నా డెల్ఫియాకి ఆ ఒక్క వెలితి గుండెలో కలుక్కుమంటూనే ఉండేది.

డెబ్భై దాటాక అదృష్టం తలుపు తట్టింది. ఎవరివో అంత్యక్రియల్లో ఆమె పాట విన్న విట్ ప్రెస్నెల్ అనే నాష్‌విల్ నిర్మాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మీకు నచ్చిన పాటలే పాడండి, మీకు నచ్చినట్టే చేద్దాం" అన్నాడు. యవ్వనం నుంచీ ఆమె పక్కన కూర్చుని స్టీల్ గిటారు వాయిస్తున్న రస్ టకెట్‌ని వెంటబెట్టుకుని డెల్ఫియా స్టూడియోకి వెళ్లింది. గని పాటలు, విడిపోయిన మనుషుల పాటలు, ఒక కొంటె పాట. అన్నీ హాయిగా సాగిపోయాయి. చివరి పాట దగ్గర వచ్చింది తంటా.

అది వాళ్ల అమ్మ జెల్లా పాడిన భక్తిగీతం. చర్చిలో ఆడవాళ్లు వరుస అందించకూడదు. అందుకని జెల్లా వంటింట్లో గిన్నెలు తోముతూ అందించేది. తడి పళ్లేలు తుడుస్తూ ఓమా, అలమరలో సర్దుతూ డెల్ఫియా అందుకునేవారు. ఇప్పుడు డెల్ఫియా మైకు ముందు ఒంటరిగా నిలబడి ఒక వరుస అందించి ఆగింది. వంటింట్లో ఆ అక్కాచెల్లెళ్లు అందుకుని పాడేటంత సేపూ నోరు మెదపలేదు. తరవాత రెండో వరుస అందించింది.

"ఏమైందమ్మా, మరిచిపోయారా?" అన్నాడు విట్ గాజు అద్దం వెనక నుంచి.

"నాకేం మతిమరుపు లేదయ్యా. అక్కడ పాడాల్సింది నేను కాదు."

"మరెవరు?"

"వినేవాళ్లు."

విట్ తల ఊపాడు గానీ మనసొప్పక ఆ ఖాళీల్లో ఫిడేలు పోసి వినిపించాడు. డెల్ఫియా ఇంతెత్తున లేచింది.

"ఒకరి కుర్చీలో ఫిడేలుని తెచ్చి కూర్చోబెట్టావేమిటి నాయనా? లేపు దాన్ని!"

"రికార్డు చెడిపోయిందనుకుంటారమ్మా జనం."

"అనుకోనీ. మనవాళ్లకి తెలుస్తుంది."

మనవాళ్లంటే ఎవరో రస్‌కి తెలుసు. ఆ కుర్చీ ఓమాది. పాట విననని భీష్మించుక్కూర్చున్న మనిషి కోసం ఈవిడ చోటు పట్టుకుని కూర్చుంది. ఇద్దరికి ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు మరి!

ఆల్బమ్ వచ్చింది. అబ్బో, ఆ సందడి చూడాలి! లెక్సింగ్టన్ పత్రిక సగం పేజీ రాసింది. పెద్ద పత్రికలు ఆ ఏటి మేలైన ఆల్బముల్లో చేర్చాయి. నాష్‌విల్ హాల్లో ఆమె ఆఖరి పాట పాడి ఖాళీ దగ్గర ఆగితే జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, అయిపోగానే ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అందరికీ అర్థమైందా అంటే, లేదు. ఒక సిటీ రేడియో వాడు యంత్రం ఆగిపోయిందని హడలిపోయి ఆ ఖాళీలో వాతావరణ వార్తలు చదివేశాడు. ఒక విమర్శకుడైతే అది పోయిన భర్త కోసం పాటించిన మౌనమని కళ్లు తుడుచుకుంటూ రాశాడు.

"మా ఆయన కోసం మౌనమా?" అని పగలబడి నవ్వింది డెల్ఫియా. "ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో క్షణం మౌనం ఉంటేనా!"

ఆ ఆదివారం ఆల్బమ్ సీడీ ఒకటి తీసుకెళ్లి అక్క బల్ల మీద పెట్టింది. ఓమా దాన్ని తిరగేసి చూసింది. "ఫొటోలో జుట్టు దువ్వుకోవాల్సింది" అంది. తీసి ఫ్రిజ్ పైన పెట్టి, "చేతులు కడుక్కో, బీన్సు చల్లారిపోతున్నాయి" అంది. అంతే. వారాలు గడిచాయి. సీడీ ఫ్రిజ్ పైనే ఉంది, పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. డెల్ఫియా వచ్చిన ప్రతిసారీ ముందు అటే చూసేది, చూసి రొట్టె ముక్క నోట్లో కుక్కుకునేది.

వసంతంలో అగ్నిమాపక దళానికి కొత్త బండి కొనే చందాల కోసం హైస్కూలు ఆటల హాల్లో, అదే జిమ్‌లో, విందు పెట్టారు. బీన్సు, రొట్టె, డెల్ఫియా పాట. కౌంటీ అంతా దిగింది. వంట వాగు ఒడ్డు చర్చి ఆడవాళ్లది. వాళ్లకి పెద్ద ఓమా.

"పాటకొచ్చావా అక్కా?" అంది డెల్ఫియా వంటగది కిటికీలోంచి, ఆశగా.

"బీన్సుకొచ్చా. జరుగు, జనం వరసలో ఉన్నారు."

పాటలు మొదలయ్యాయి. జనం కాళ్లతో తాళం వేశారు, ముసలాళ్లు ఈలలు కొట్టారు. ఆఖరి పాట ముందు రస్ దగ్గరికి వంగాడు.

"అది ఒద్దు డెల్ఫీ. నాష్‌విల్‌లో ఖాళీ వదిలితే గొప్ప అన్నారు. ఇక్కడ నువ్వు అందించాక ఎవరూ అందుకోలేదనుకో, నలుగురిలో నిన్ను వెలివేసినట్టే. ఆ పాట వచ్చినవాళ్లంతా వంటగదిలో ఉన్నారు, చూస్తున్నావుగా."

"చూస్తున్నా. అందుకే పాడతా."

గిటారు తీసి పక్కన పెట్టింది. చేతులు గౌను జేబుల్లో పెట్టుకుంది.

"పొద్దు వాలె కొండ మీద, కాపరీ, నను పిలువవా..."

అందించి ఆగింది. జిమ్‌లో చెంచా చప్పుడు కూడా లేదు. జనం కళ్లు వంటగది వైపు తిరిగాయి. చర్చి ఆడవాళ్లు కళ్లు నేలకేసుకుని నిలబడ్డారు. ఎవరూ అందుకోలేదు. అయినా డెల్ఫియా ఆ చోటు మొత్తం అలాగే ఖాళీగా ఉంచి, రెండో వరుస అందించింది.

"దారి తప్పితి, దీపమారె, కాపరీ, నను పిలువవా..."

కిటికీ వెనక నుంచి ఒక గొంతు లేచింది. ముసలి గొంతు, బొంగురు గొంతు, కానీ మెలిక ఒక్కటీ తప్పని గొంతు. ఓమా! చేతిలో గరిటె అలాగే ఉంది, కళ్లు మూసుకుంది, ఆ వరుసని పట్టుకుని వంటింట్లో పళ్లేలు తుడిచిన నాటిలాగే సాగదీస్తోంది. పక్కనున్న ఆడవాళ్లు కలిశారు. బల్లల దగ్గర మగవాళ్లు కలిశారు. మూడో వరుసకి జిమ్ కప్పు అదిరింది. రస్ ఏడుస్తూ కూర్చున్నాడు, వాయించడానికి ఏమీ లేక. డెల్ఫియా అందిస్తోంది, కౌంటీ అందుకుంటోంది. జన్మకి ఇంతకన్నా ఏం కావాలి!

పాట అయ్యాక ఆమె తిన్నగా వంటగదిలోకి నడిచింది. ఓమా అప్పటికే గిన్నెలు కడుగుతోంది.

"మొదటి వరుసకి ఎందుకు అందుకోలేదే? నా ప్రాణం పోయిందక్కడ!"

"నోట్లో కజ్జికాయ ఉంది. ఏం చెయ్యమంటావు, ఉమ్మెయ్యనా?" ఓమా తడి పళ్లెం ఒకటి చెల్లెలి చేతిలో పెట్టింది. "అది సరే, మూడో వరుసకి తొందరపడ్డావు. నన్ను ముగించనివ్వలేదు. రికార్డులోనూ అక్కడే తొందరపడ్డావు."

డెల్ఫియా పళ్లెం పట్టుకుని అక్క వైపు తిరిగింది.

"నువ్వు విన్నావా? నేనిచ్చింది విప్పనైనా లేదుగా!"

"అది విప్పితే నీకు తెలిసిపోదూ? పశువుల మేత కొట్లో ఇంకోటి కొన్నా. నా ట్రక్కులో పెట్టుకుని వింటున్నా." ఓమా చెల్లెలి మొహం వైపు చూడలేదు. "చోటు వదిలిపెట్టావు కదే మరి. రోజూ అందుకోక ఏం చెయ్యను?"

డెల్ఫియా తువ్వాలు తీసుకుని పళ్లెం తుడిచింది, ఓమా ఇంకొకటి అందించింది.