టీవీలో మా తమ్ముడు నిలబడిన సాయంత్రం

మా తమ్ముడు చెనిక్కాయ, అదే వేరుశనగ, చెట్ల నుంచి కాయ విడిపించే మిషన్ ఒకటి చేసినాడు. పాత మోపెడ్ ఇంజను, సైకిల్ రిమ్ములు, వెల్డింగ్ షాపులో మిగిలిన ఇనుప కడ్డీలు, ఇంతే దాని సరంజామా. పచ్చి చెట్లను గుత్తిగా పట్టుకొని తిరిగే కడ్డీల మీద పెడితే కాయలు కింద రాలతాయి, చెట్టు చేతిలో మిగులుతాది. వాడు దాన్ని మొదలుపెట్టింది మా అమ్మ కోసం. కాయ పీకే కాలం వచ్చిందంటే అమ్మ వేళ్లు పగిలి, పగుళ్లలో మట్టి చేరి, కారం తగిలితే ప్రాణం పోయేది. ఆ దినాల్లో మా అమ్మ సంగటి కూడా చెంచాతోనే తినేది.

మొదలుపెట్టినప్పుడు మాకు చేను ఉండింది. మిషన్ సరిగ్గా తిరిగే వేళకి చేను సోలార్ పార్కు కిందికి పోయింది. వానల్లేవు, బోరు ఎండిపోయింది, చుట్టూ అందరూ లీజుకిస్తావుంటే మేమూ ఇచ్చినాం. ఎవరూ బలవంతం చేయలేదు. ఇప్పుడు కర్ణాటకలో ఉండే మా తెలుగు ఊరు క్యాతగానచెర్లు చుట్టూ ఏ పక్క చూసినా ఆ సోలార్ పలకలే. వాడు మాత్రం మిషన్ని వదల్లేదు. పగలు వెల్డింగ్ పని, సాయంత్రమైతే దాని దగ్గర.

"ఇంకెవరి కోసమప్పా ఇది?" అని ఒకసారి అడిగినాను.

"చెనిక్కాయ మనమొక్కరమే యేసినామా అక్కా? నిడుగల్లు దిక్కు ఇంకా యేస్తానే ఉండారు కదా" అన్నాడు.

వాడి స్నేహితుడొకడు మిషన్ తిరిగేది ఫోన్లో వీడియో తీసి బెంగళూరు టీవీ వాళ్లకి పంపించినాడు. ఆదివారం సాయంత్రం కన్నడలో ఒక కార్యక్రమం వస్తాది. కొత్తది ఏదైనా తయారు చేసినవాళ్లు పోయి, వరసగా కూర్చున్న సాహుకార్ల ముందర నిలబడి చెప్పుకోవాల. నచ్చితే వాళ్లు పెట్టుబడి పెడతారు. మా అమ్మ దాన్ని సీరియల్ మాదిరి చూసేది. ఎవరికైనా లేదంటే, "పాపం, అంత బాగా చెప్పింది కదా ఆ పిల్ల, ఇచ్చుంటే ఏం పోయింది వీళ్లకి" అని తిట్టేది. అట్లాంటి చోటికి తన కొడుకునే రమ్మన్నారని తెలిసినప్పుడు, ఎవరో ఆటపట్టిస్తాండారని అనుకునింది.

నేను అంగనవాడి టీచర్ని. నా కాపురం కూడా అమ్మోళ్ల వీధిలోనే. పోయే దినం వాడి చొక్కా నేనే ఇస్త్రీ చేసినాను. నిడుగల్లులో మా చిన్నమ్మ కొడుకు చేన్లో పచ్చి చెట్లు పీకి, తడి గోనెపట్టల్లో చుట్టి, మిషన్‌తో పాటు టెంపోలో వేసుకొని పోయినాడు వాడు. అమ్మ పావగడ శనేశ్వర స్వామికి మొక్కుకునింది.

తిరిగొచ్చినాక ఏమైందని అడిగితే, "చెప్పకూడదంట. టీవీలో వచ్చేదాకా నోరు మెదపకూడదని సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు.

అమ్మకి ఆ మాటే గెలుపు మాదిరి వినిపించింది. "ఇయ్యకపోయింటే దాచిపెట్టమని ఏంటికి చెప్తారు?" అని వీధిలో అందరితో అనింది. వీధి నుంచి మాట ఊర్లోకి పోయింది. నాకు మాత్రం అట్లా అనిపించలేదు. మిషన్ మీద కప్పిన టార్పాలిన్ వాడు తీయలేదు. ఆదివారం ఆ కార్యక్రమం మొదలయ్యే వేళకి ఏదో పని చెప్పి బయటికి పోయేవాడు. ఒకనాడు కుళాయి దగ్గర నేను ఒక్కదాన్నే ఉంటే వచ్చి బిందె ఎత్తినాడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. వాడి మొగం చూసి, "ఈ పొద్దు నీళ్లు సన్నంగా వస్తాండాయి" అన్నాను. "ఊఁ" అని బిందె తీసుకొని ముందు నడిచినాడు.

నెలలు గడిచినాక ఒకరోజు టీవీలో వాడి మొగం మెరుపు మాదిరి కనపడింది. వచ్చే ఆదివారం చూడండి అని చెప్పినారు. అమ్మని ఆపేవాళ్లు లేరు. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. "అంతమందిని ఏంటికమ్మా?" అంటే, "నా కొడుకు టీవీలో వస్తాడు, నా ఇంట్లో కాకుండా యాడ చూస్తారు?" అనింది. నేను ఇంకా ఏం చెప్పేది? నాకు తెలిసింది కూడా ఏమీ లేదు, అనుమానం తప్ప.

ఆదివారం ఇంటి నిండా జనం. పక్కింటి పెద్దమ్మ కజ్జికాయలు చేసి పళ్లెం నిండా తెచ్చింది. తమ్ముడు వెనక గోడకానుకొని, కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. ఇంత పెద్ద సోలార్ పార్కు పక్కనే ఉన్నా మా ఊర్లో సాయంత్రమైతే కరెంటు పోతాది. అమ్మ మొక్కుకున్న స్వామికే నేనూ మొక్కుకున్నాను, ఈ గంట కరెంటు తీసెయ్ తండ్రీ అని. రోజూ పోయే కరెంటు ఆ పూట పోలేదు.

వాడు వచ్చినాడు టీవీలో. నేను ఇస్త్రీ చేసిన చొక్కా. అందరూ చప్పట్లు కొట్టినారు. నమస్కారం పెట్టి, తెలుగు యాస కలిసిన కన్నడంలో చెప్పడం మొదలుపెట్టినాడు. గొంతు బాగానే ఉండింది. మిషన్ ఆన్ చేసినాడు. చెట్లు చేతికి తీసుకున్నప్పుడే చూసినాను. ఆకులు నల్లబడి వేలాడతాండాయి. పొద్దున్నుంచి వాడి వంతు కోసం ఆ లైట్ల కింద కాసుకొని ఉన్నాయంట, తర్వాత చెప్పినాడు. వాడిపోయిన తీగ కడ్డీలకి చుట్టుకునింది. ఇంజను గుర్రుమని మూలిగి నిలబడిపోయింది. వాడు వంగి, చుట్టుకున్న తీగ లాగడానికి చెయ్యి లోపలికి పెట్టినాడు.

"చెయ్యి తియ్యి నాయనా! చెయ్యి తియ్యప్పా!" అని అమ్మ కేక పెట్టి లేచి టీవీ దగ్గరికి పోయింది. రెండు చేతులూ తెరకి అడ్డం పెట్టింది.

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"అమ్మా, నేనీడుండా. నాకేం కాలేదు. కూచో."

అమ్మ తిరిగి చూసింది. వాడు రెండు చేతులూ పైకెత్తి చూపించినాడు. అమ్మ కూర్చోలేదు. టీవీ పక్కనే నిలబడి మిగిలిందంతా చూసింది.

వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఒకాయన లేచొచ్చి తీగ తీయడానికి సాయం కూడా చేసినాడు. అందరికంటే పెద్దాయన మాత్రం ఒక ప్రశ్న అడిగినాడు. "మీ ఊర్లో దీన్ని ఎంతమంది కొంటారు?"

తమ్ముడు ఆలోచించినాడు. అబద్ధం చెప్పొచ్చు. అక్కడెవరికి తెలుస్తాది? "మా ఊర్లో ఇప్పుడు చెనిక్కాయ యేసేవాళ్లు లేరు సార్. భూములన్నీ సోలార్‌కి పోయినాయి" అన్నాడు.

"మరి మీ భూమి?"

"మాదీ అంతే సార్."

పెద్దాయన మెల్లగా నవ్వినాడు. "ఏరు ఎండినాక పడవ చేసినావు తమ్ముడూ" అన్నాడు. మిగిలినోళ్లూ నవ్వినారు. తమ్ముడు కూడా వాళ్లతో కలిసి నవ్వినాడు. నాకు అన్నిటికంటే ఆ నవ్వు కష్టంగా ఉండింది. వాడు అట్లా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఒకరెనక ఒకరు, నువ్వు మంచోడివి, నిజాయితీ ఉండాది, కానీ మేము పెట్టలేము అన్నారు. వాడు అందరికీ దండం పెట్టి బయటికి నడిచినాడు. ప్రకటనలు వచ్చినాయి.

ఏం చేయాలో తెలియక పెద్దమ్మ కజ్జికాయలు పంచడం మొదలుపెట్టింది. అందరూ తీసుకున్నారు. పోతా పోతా ఒకాయన, "టీవీలో కనపడినావు కదప్పా, అదేమన్నా తక్కువా?" అన్నాడు. తమ్ముడు తల ఊపినాడు.

అందరూ పోయినాక వాడు నాతో అన్నాడు. "అమ్మ చేతుల గురించి శానా సేపు చెప్పినా అక్కా. అందులో ఒకామె కళ్లు కూడా తుడుచుకునింది. అదంతా తీసేసినారు."

అమ్మ వినింది. "బాగైంది పో. నా చేతులు ఊరంతా చూసేదేంటికి?" అని లోపలికి పోయి పళ్లెం కడిగింది. కడిగిందే మళ్లీ కడిగింది.

ఆ వారమే ఎవరో ఆ తీగ చుట్టుకున్న వీడియో ముక్కని కోసి, నవ్వులాటగా మ్యూజిక్ కలిపి ఫోన్లలో తిప్పినారు. అంగనవాడికి బిడ్డను తీసుకొచ్చిన ఒక తల్లి, వాడు నా తమ్ముడని తెలియక, "టీచర్, ఇది చూడండి" అని నాకే చూపించింది. చూసి ఇచ్చేసినాను. ఎవరి దగ్గరికి పోయి ఆపమని చెప్పేది?

కాయ పీకే కాలం వచ్చినాక నిడుగల్లు నుంచి చిన్నమ్మ కొడుకు వచ్చినాడు. "పచ్చి చెట్లకి తిరుగుతాది కదా, తీసుకొని రా, మా చేన్లో చూద్దాం" అన్నాడు. తమ్ముడు రెండు మూడు సార్లు వద్దని, చివరికి ఒప్పుకున్నాడు. నేనూ తోడుపోయినాను. కొండ కింద చేను. అప్పుడే పీకిన చెట్లు. మిషన్ ఎక్కడా ఆగకుండా తిరిగింది. కాయలు వాన మాదిరి రాలినాయి. చాలా నెలల తర్వాత వాడి మొగంలో వెలుగు చూసినాను.

గట్టు మీద కాయ విడిపించే కూలికి వచ్చిన ఆడోళ్లు కూర్చోని ఉండారు. వాళ్లూ నోరు తెరిచి చూసినారు. అందులో అమ్మ వయసుండే ఒకామె లేచి దగ్గరికి వచ్చింది. వేళ్లకి గుడ్డ పేలికలు చుట్టుకొని ఉండింది. కోపమేం లేదు ఆమె మాటలో.

"బాగా చేసినావప్పా. ఇదుంటే మరి రేపట్నుంచి మేము యాడికి పోవాల?"

తమ్ముడు ఇంజను ఆపేసినాడు. ఆమె చేతుల దిక్కు చూసినాడు. నా దిక్కు చూసినాడు. చిన్నమ్మ కొడుకు, "నడిపించన్నా, వాళ్ల మాటలకేంది" అన్నాడు. వాడు ఇంజను మళ్లీ వేయలేదు. మిషన్ అక్కడే చేను గట్టున వదిలేసి, ఇద్దరమూ బైకు మీద తిరుగుదారి పట్టినాం.

ఇప్పుడు వాడు సోలార్ పార్కులోనే కాపలా పని చేస్తాండాడు. మిషన్ నిడుగల్లులోనే ఉండాది. చిన్నమ్మ కొడుకు దాన్ని నడిపిస్తాండాడో లేదో వాడు అడగడు, మేమూ చెప్పము.

ఆ దినం నిడుగల్లు నుంచి తిరిగొచ్చే దారిలో, పలకలు మొదలయ్యే చోట బండి నెమ్మది చేసి వెనక్కి తిరగకుండానే అడిగినాడు.

"అక్కా, ఆయమ్మకి నేనేం చెప్పాల్సింది?"

"నాకూ తెలీదప్పా" అన్నాను.