వెనక్కి నడిచే మనిషి

మొన్నీమధ్య మా అక్క మనవరాలు నా ఫోనుకు ఒక వీడియో పంపి, కింద ఒకే ఒక్క ముక్క రాసింది, "చిన్నవ్వా, ఆదివారం నాకు ఈ పిల్లతోనే పోటీ, చూసి చెప్పు" అని. అరవై దాటి, బడిపిల్లలకు ఏళ్ల తరబడి డ్రిల్లు చెప్పి రిటైరైన ఆడమనిషి పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కొట్లాటల వీడియోలు చూస్తుందంటే మన ఈడువాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియకపోలేదు. నాతో వాకింగుకు వచ్చేవాళ్లంతా భక్తి పాటలు వింటుంటే, నేను చెవుల్లో వైర్లు దోపుకుని, "చెయ్యి దించావేమే మొద్దూ, దవడ కాచుకో" అని ఎవరినో తిట్టుకుంటూ నడుస్తాను. అననీండి, నాకేం. పూజలు చేసేవాళ్లు చేస్తున్నారు, కొట్లాటలు చూసేవాళ్లు కూడా ఒకరుండాలి గదా.

ఇనప జాలీ కట్టిన అరుగు మీద ఆడే ఈ ఆటను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. గుద్దులు, తన్నులు, మోకాళ్లు సరే, కిందపడేసి మెడ పట్టడం, చెయ్యి మెలిపెట్టడం కూడా ఇందులో చెల్లుతాయి. మా పిల్ల చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ ఈ ఆట నేర్చింది. పోయిన పోటీలో దవడ ఎముక చిట్లి, నెలల తరబడి గంజీ జావా తాగి బతికింది. ఆ దవడకు ఇంకొక దెబ్బ గట్టిగా తగిలితే ఈ ఆటతో పాటు నమిలి తినడం కూడా మరిచిపోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. వాళ్లమ్మ ఏడ్చి మొత్తుకుంది. ఇది వింటే గదా! కాబట్టి నేను ఆ వీడియో పెట్టుకున్నది సరదాకు కాదు, పిల్ల దవడ కోసం.

ఇద్దరూ నిలబడి కొట్టే రకమే, కిందపడి పొర్లాడే పని ఇద్దరికీ చేతగాదు. అయినా ఒకరి తీరు ఒకరికి బొత్తిగా పొసగదు. మాది ముందుకే పోతుంది. మోకాలు ఎత్తి ఎత్తి అడుగేస్తుంది, పాదంతో ఎదుటి మనిషి కడుపులో నెడుతుంది, జాలీకి ఆనించి గుద్దుతుంది. ఆవల పిల్ల ముందుకు రానే రాదు. మద్రాసు పోయే దారిలో తడ అనే ఊరుంది గదా, అది దాటాక ఏదో పల్లె అంట ఆ పిల్లది. పొడుగ్గా, సన్నగా, వెనకకాలి మీద బరువంతా వేసి నిలబడుతుంది. మనం వస్తే అది పోతుంది, మనం ఇంకా వస్తే ఇంకా పోతుంది, మనకు పట్టు దొరికిందనుకున్న క్షణంలో దాని కుడిచెయ్యి మన దవడ దగ్గర ఉంటుంది. మీదికి పోయేవాళ్లు ఇట్లాంటివాళ్లకు వండి వడ్డించిన అన్నం. ఇంతవరకూ ఆలోచించి కాఫీ తాగబోయి, గ్లాసు మళ్లీ కింద పెట్టాను. ఆ పిల్ల వెనక్కి నడిచే తీరు నాకు తెలుసు.

మన తూర్పు రేవుల్లో పుట్టినవాళ్లకు అలివి వల గురించి చెప్పనక్కరలేదు గాని, తక్కినవాళ్ల కోసం చెబుతాను. పడవలో పోయి సముద్రంలో వలను చుట్టబెట్టి వస్తే, దాని రెండు తాళ్లనూ ఒడ్డున రెండు వరసల మనుషులు నడుముకు తగిలించుకుని, మొహం సముద్రం వైపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. మడమ ముందు దిగాలి, ఇసకను తొక్కి పట్టాలి, నడుము వెనక్కి వాలాలి, వెనక ఏముందో తిరిగి చూడకూడదు. మా అన్న పదేళ్లప్పటి నుంచి ఆ వరసలో ఉన్నవాడు. మామూలుగా నడవడం కన్నా వెనక్కి నడవడమే వాడికి బాగా వచ్చని మా అమ్మ నవ్వేది.

ఆ రోజుల్లో కరాటే పిచ్చి ఊరూరా పాకింది. గూడూరు నుంచి ఒక మాస్టారు ఆదివారాలు బస్సులో వచ్చి మా తుఫాను షెల్టరులో నేర్పేవాడు. మా అన్న నేర్చాడు, మా మేనత్త కొడుకు, అంటే మాకు బావ, కూడా నేర్చాడు. మా మేనత్తను లోపలి ఊరికి ఇచ్చారు, వాళ్లది కౌలు సేద్యం. అడుసులో నాగలి వెనక నడిచి నడిచి బావకు మోకాలు ఎత్తి అడుగేయడం అలవాటైంది. మెట్టనేల మీద కూడా బురదలోంచి కాలు పీక్కుంటున్నట్టే వచ్చేవాడు. అన్న ఊరుకునేవాడా, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని వెనక్కి పోతూ పోతూ ఉడికించేవాడు. ఒకడు అడుసు మనిషి, ఒకడు ఇసక మనిషి, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

గూడూరులో బడి ఆవరణలో పందిరి వేసి ఇద్దరికీ పోటీ పెట్టారు. నేనూ అక్కా ముందు వరసలో కూర్చున్నాం. బావ వస్తూ ఉన్నాడు, అన్న పోతూ ఉన్నాడు, జనం అన్నను పిరికివాడని ఈలలు వేస్తూ ఉన్నారు. అంతలో బావ కిందపడి ఉన్నాడు. ఎట్లా పడ్డాడో ఎవరూ చూడలేదు. దవడ వాచి చాలా రోజులు మా అక్క చేతి గంజే తాగాడు. అక్కకు బావ మీద మనసు పడింది ఆ గంజి పోసే రోజుల్లోనే అని నా అనుమానం. లేచి కూర్చోగానే బావ అడిగింది ఇంకొక ఆట. సరేనన్నాడు అన్న.

ఆ ఆట జరగలేదు. తుఫాను లేదు, గాలి లేదు, అద్దంలాంటి సముద్రం మీద తెల్లవారుజామున తెప్ప వేసుకుని పోయిన మా అన్న తిరిగి రాలేదు. తెప్ప వచ్చింది, మనిషి రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. కర్మకాండకు వచ్చిన బావ వాళ్లూరికి పోకుండా మా ఇంట్లోనే ఉండిపోయాడు, అన్న లాగే తాడు తనే లాగుతానన్నాడు. వెనక్కి నడవడం రాక రోజూ పడేవాడు. మొదట్లో వరసలో వాళ్లు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

మిట్టమధ్యాహ్నం మా రేవులో కాకి కూడా వాలదు. ఆ వేళ గాలి సోకుతుందని ఆడపిల్లలను ఒడ్డుకు పోనిచ్చేవాళ్లు కాదు. కాని బావ ఆ వేళకే ఒడ్డుకు పోయి అన్నానికి రావడం మానేశాడు. అక్కకు అప్పటికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి, బయటికి రాకూడదు. అందుకని సద్దిగిన్నె తీసుకుని నేను పోయాను. కంటికి తెల్లగా కొట్టే ఎండ. బావ సముద్రానికి వీపు పెట్టి, చేతులెత్తి, మోకాళ్లెత్తి ముందుకు అడుగేస్తున్నాడు, ఎదురుగా ఎవరో ఉన్నట్టు గుద్దుతున్నాడు, ఉన్నట్టుండి తల పక్కకు లాక్కుని నవ్వుతున్నాడు. పాపం, మతి చెడినట్టుంది అనుకుంటూ దగ్గరికి పోయి, కాళ్ల కింద చూశాను.

తడి ఇసకలో రెండు జతల అడుగులున్నాయి. బావవి వేళ్లు ఊరి వైపు, మడమలు సముద్రం వైపు. వాటికి ఎదురుగా, బారెడు దూరంలో, ఇంకొక జత. వాటి వేళ్లు సముద్రం వైపు, మడమలు ఊరి వైపు. మడమలు లోతుగా దిగి ఉన్నాయి. నీటి అంచున మొదలై వెనక్కి వెనక్కి పొడి ఇసక దాకా వచ్చి ఉన్నాయి. ఎడమ పాదానికి నాలుగే వేళ్లు. చిన్నతనంలో టేకు చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టి మా అన్న చిటికెనవేలు తీసేశారు. ఆ మాట మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికి గుర్తుంటుంది? నేను చూస్తూ ఉండగానే ఇంకొక మడమ దిగింది. ఇసక నొక్కుకుపోయి, చుట్టూ తడి వెనక్కి తగ్గి తెల్లబడి, మళ్లీ నల్లబడింది. అక్కడ మనిషి లేడు.

"చూసినావా?" అన్నాడు బావ, నా వైపు తిరక్కుండానే.

"చూసినా బావా."

"ఎవురితోనూ అనబాకమ్మే. అంటే రాడు."

అనలేదు. అక్కతో కూడా అనలేదు. ఆ తర్వాత రోజూ గిన్నె తీసుకుపోయి దూరంగా కూర్చునేదాన్ని. భయం వేసేదా అంటే వేసేది, పోకుండా ఉండగలిగేదాన్నా అంటే లేదు. మా అన్న ఉన్నాడు గదా అక్కడ! ఒకరోజు అన్నం తింటూ బావ తనంతట తనే చెప్పాడు, "మీ అన్న ఎడం మడమ గట్టిగా తొక్కినాడంటే కుడిచెయ్యి వస్తా ఉండాదని అర్థం. గూడూరులో చెక్క పలకల మీద ఆడితిమి గదా, నాకు కనపళ్లా. ఇసకలో కనపడతా ఉండాది" అని. గెలవడానికి దారి దొరికిన మనిషి మొహంలో ఉండాల్సిన సంతోషం ఆ మొహంలో లేదు. దిగులుగా ఉన్నాడు.

చివరి రోజు నేను పోయేసరికి బావ ఇసకలో కూలబడి ఏడుస్తున్నాడు. నీళ్లకు ఎంతో ఎడంగా, కాలితే బొబ్బలెక్కే పొడి ఇసకలో కూర్చున్నాడు, కాని కుడి పిడికిలి నుంచి నీళ్లు కారుతున్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉంది. "కొట్టినానమ్మే. తగిలింది. ఇంక రాడు" అన్నాడు. రాలేదు. మర్నాటి నుంచి ఒకే జత అడుగులు. బావ మా అక్కను చేసుకుని, లోపలి ఊరికి పోయి మడి దున్నుకుని బతికి, ఈ మనవరాలు పుట్టకముందే పోయాడు. మళ్లీ ఎవరి మీదా పిడికిలి ఎత్తలేదు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, కాఫీ ఎందుకు చల్లారిపోయిందో. తాతను కళ్లతో చూడని పిల్ల తాత నడకతో ముందుకు పోతుంది, అది రక్తం అనుకుందాం. మరి ఆవల పిల్లకు మా అన్న మడమ ఎక్కడిది? మనవరాలికి ఫోను చేసి, వాళ్లు బెస్తవాళ్లా, వల లాగే వాళ్లా అని అడిగాను. "కాదు చిన్నవ్వా, వాళ్ల నాయన తడ కాడ ఫ్యాక్టరీలో చేస్తా ఉండాడంట, ఆ పిల్ల సముద్రంలో కాలే పెట్టలేదంట, భయమంట" అంది. పిచ్చిదాన్ని, వీడియో ఆపి, పెద్దది చేసి, ఆ పిల్ల ఎడమకాలి వేళ్లు లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి. అయినా వీడియో మూయబుద్ధి కాలేదు. రెండు రోజులు ఆ వీడియోను మనవరాలి కోసం కాదు, నా కోసం చూసుకున్నాను. వెనక్కి వాలే నడుము, తిరిగి చూడని మెడ. కళ్లారా చూసుకున్నాను.

కాని దవడ పిల్లది. మూడోనాడు ఫోను చేసి చెప్పాను, "ఎడం మడమ గట్టిగా తొక్కిందంటే అరడుగు ఆగు. చెయ్యి నీ ముక్కు ముందర నించి పోతాది. అప్పుడు మోకాలు ఇయ్యి. ఇంకోటి, దానికి వెనక ఇసక లేదు, జాలీ ఉండాది, మూలకు తోలు" అని. ఎట్లా తెలిసిందని అడిగింది. చూడగా చూడగా తెలిసిందిలే అన్నాను. చెబుతుంటే మాత్రం బావ పిడికిలి గుర్తొచ్చింది. తగిలితే రాడు. ఆ సంగతి నాకు తెలిసే చెప్పాను.

ఆదివారం చెన్నైకి నేనొక్కదాన్నే పోయాను, అక్క చూడలేనంది. హాలు నిండా దీపాలు, పాటలు, పిల్లల కేకలు. ఆవల పిల్ల జాలీలోకి పోతూ నా కుర్చీ దగ్గర ఆగింది. నన్ను చూసింది. ఏదో మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకునే చూపు అది. తర్వాత తమిళంలో, కాలు కాస్త జరుపుకోమని అడిగి పోయింది. కాలు జరుపుకుంటే నేల తడిగా ఉంది. ఎవరో నీళ్ల బాటిలు ఒలకబోసి ఉంటారు.

మొదటి రౌండంతా మాది మీదికి పోవడం, అది వెనక్కి జారుకోవడం. ఒకసారి ఆ కుడిచెయ్యి మా పిల్ల చెంపను రాసుకుంటూ పోయింది. రెండో రౌండులో మాది మూలకు తోలింది. ఆ పిల్ల వీపు జాలీకి తగలబోతుండగా ఎడమ మడమ దిగింది, నా కంటికి ఇసక నొక్కుకుపోయినట్టే కనిపించింది. మాది అరడుగు ఆగింది. చెయ్యి గాలిలో పోయింది. మోకాలు లేచింది. ఆ పిల్ల నడుం విరిగినట్టు ముందుకు వంగి, మొట్టమొదటిసారి ముందుకు ఒక అడుగు వేసి, పడిపోయింది.

హాలంతా లేచి అరిచింది. నేనూ లేచి, గొంతు చించుకుని అరిచాను. ఏమని అరిచానో పక్కవాళ్లు నా వైపు తిరిగి చూసేదాకా నాకే తెలియలేదు. "లేయ్ అన్నా! లేయ్!" అంటున్నాను.

రెఫరీ మా పిల్ల చెయ్యి ఎత్తాడు. ఆ పిల్ల కాసేపటికి లేచి కూర్చుని, నీళ్లు తాగి, తన వాళ్ల భుజాలు పట్టుకుని, అందరిలాగే ముందుకు నడిచి వెళ్లిపోయింది. ఆటోలో మనవరాలు చెక్కుచెదరని దవడతో నవ్వుతూ అడిగింది, "నేను నిలబడే ఉండాను గదా చిన్నవ్వా, నన్ను లేయ్ అంటావేంది?" చెవులు సరిగ్గా వినపడవు నీకు అని కసిరాను. కసిరి, మొహం బయటికి తిప్పుకున్నాను. ఎంత ఆపుకున్నా కళ్లు ఆగలేదు.

ఇప్పుడు మా రేవులో అలివి వల లేదు. మావాళ్ల పిల్లలు జువ్వలదిన్నె హార్బరుకు పోయి ఇంజను బోట్లెక్కుతున్నారు, వాన గాలి వస్తే ముందే ఫోనుకు కబురొస్తుంది, పోయినవాడు ఏ పూటకు వస్తాడో ఇంట్లో వాళ్లకు తెలుస్తుంది. మంచిదే, ఏ తల్లికీ మా అమ్మ గతి పట్టకూడదు. మన కాలంలో సముద్రం మనిషిని తీసుకుంటే ఒళ్లు కూడా ఇచ్చేది కాదు. ఇవ్వలేదు కాబట్టే, ఎక్కడో ఉన్నాడనుకుని బతకడానికి మనకు వీలుండేది. మా పిల్ల గెలిచింది, దాని దవడ దానికి మిగిలింది, నేను కోరుకున్నదీ అదే. కాని నలభై అయిదేళ్ల కిందట తెప్ప వేసుకుని పోయిన మా అన్న, నా మటుకు నాకు, మొన్న ఆదివారమే పోయాడు.