బండి తోలినవాడి వరుస

నా చిన్నప్పుడు ఏది కనిపించినా పట్టికలో పెట్టేవాణ్ని. 2012లో నాకు పదకొండేళ్లు. అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒకే విల్లాను పంచుకుని నాలుగు తెలుగు కుటుంబాలు ఉండేవాళ్లం. మాది అమెరికన్ సిలబస్ బడి. ఒక గురువారం టీచరు ఒక చార్టు గీసి తెమ్మంది: అమెరికా తొలినాళ్లలో ఎవరు ఏం తాగేవారు, చర్చిలో ఎక్కడ కూర్చునేవారు, తాగి దొరికితే ఏ శిక్ష.

సాయంత్రం గళ్లు నింపాను. వ్యాపారికి ఖరీదైన వైన్, చర్చిలో ముందు వరుస. రైతుకు ఆపిల్ కల్లు, నడిమి వరుస. నౌకరుకు రమ్ము, వెనక బల్ల. తాగితే కాళ్లు కొయ్యలో బిగించి నలుగురి మధ్యా కూర్చోబెట్టేవారు. బానిసకు పై అటక, కొరడా దెబ్బలు. వ్యాపారి శిక్ష ఒక్కటే పుస్తకంలో దొరకలేదు. నాన్ననడిగితే నవ్వి, "పెద్దమనిషికి శిక్షేంట్రా, బండెక్కించి ఇంటికి పంపుతారు" అన్నాడు. అదే రాశాను.

మర్నాడు విల్లాలో సత్యనారాయణ వ్రతం. ముందురోజు నుంచే మాంసం, మందు ముట్టకూడదని ఆడవాళ్ల పట్టు. అయినా ఆ రాత్రి మగవాళ్లు డాబా మీద మందుకు కూర్చున్నారు. నాన్నకు మందు కొనే లైసెన్సుంది. ముస్లింలకు అది ఇవ్వరు. ఖాళీ సీసాలు మాత్రం ఎప్పుడూ ఒక ముస్లిమే పారేసేవాడు. అతను గేటు పక్క గదిలో ఉండే కంపెనీ డ్రైవరు, కడపవాడు; పిల్లలం మామ అనేవాళ్లం. మమ్మల్ని బడికి దింపేవాడు. తెల్లవారి నమాజుకు వెళ్తూ ఆ నల్లసంచిని వీధి చివరి చెత్తడబ్బాలో వేసేవాడు. తమ్ముణ్ని ఇక్కడికి తెచ్చుకోవాలని అతని ఆశ. ఆ దరఖాస్తు నాచేతే నింపించాడు. దాని మీద అతని పైఅధికారిగా నాన్న సంతకం కావాలి.

ఆ శుక్రవారం నాన్న అతన్ని తెల్లారకముందే అరిటాకులకు పంపడంతో సంచి మిగిలిపోయింది. తిరిగొచ్చి ఎనిమిదింటికి మామ దాన్ని తీసుకెళ్తుంటే గేటు దగ్గర చిరిగింది. రెండు సీసాలు దొర్లి ముగ్గు మీద ఆగాయి. అప్పుడే నాన్న పనిచేసే కంపెనీ మేనేజరు, అందరూ అరబీలో ముదీర్ అని పిలిచే ఆయన, వ్రతానికని భార్యతో కారు దిగుతున్నాడు. "నమాజు చేసే మనిషివి, వ్రతం రోజున మా గుమ్మంలో ఇవేంటయ్యా?" అంది మా పెద్దత్త. మామ మా నాన్న వైపు చూశాడు.

నాన్న నన్ను పిలిచాడు. "మావాడు అబద్ధమాడడు. చెప్పరా, నిన్న రాత్రి మెట్ల మీద ఈ సంచి ఎవరి చేతిలో చూశావు?"

నేను చూసినవి మూడు. డాబా మీద నాలుగు గ్లాసులు. సంచికి ముడివేస్తున్న నాన్న. సంచితో మెట్లు దిగుతున్న మామ. అడిగింది మూడోదే.

"మామ చేతిలో."

తర్వాతి ప్రశ్న కోసం నాన్న ముఖంలోకి చూశాను. "చాలు" అన్నాడు.

ముదీర్ పోలీసుల మాట ఎత్తాడు. సీసా చేతిలో ఉన్న ముస్లింను ముందు లోపల వేస్తారు, అది ఎవరిదన్నది తర్వాతి సంగతి. ఆ లెక్క మామకు మాకంటే బాగా తెలుసు. "బాబు నిజమే చెప్పినాడు సార్" అన్నాడు.

"ఖలాస్. పోలీసులదాకా ఎందుకు, వీసా క్యాన్సిల్ చేయిద్దాం" అన్నాడు ముదీర్. అందరూ దాన్ని దయ అన్నారు. మామ తెచ్చిన అరిటాకుల్లోనే భోంచేశాం. ప్రసాదం అతనికి గేటు బయటికి పంపారు.

అక్కడ బడివారం ఆదివారంతోనే మొదలు. ఆ ఆదివారం చివరిసారి మమ్మల్ని బడికి దింపాడు. చార్టు మడత పడకుండా ముందు సీటు మీద పరిచి, ఏం రాసినావో చదవమన్నాడు. వరుస వరుసా తెలుగులో చెప్పాను. వ్యాపారి గడి దగ్గర ఆపాడు.

"ఆ బండి ఎవరు తోలినారు నాయనా?"

పుస్తకంలో లేదన్నాను. "ఉండదులే" అని తలుపు తీశాడు. తమ్ముడి దరఖాస్తు సంతకం లేకుండా డ్యాష్‌బోర్డు మీద అలాగే ఉంది. ఆ చార్టుకు పదికి పది వచ్చాయి.

ఇప్పుడు నేను సేఫ్టీ ఇంజనీరుని. సైట్లలో ప్రమాదం జరిగితే సాక్షుల మాటలు రాసుకుంటాను. అడిగినదానికి సరిగ్గా, అంతవరకే జవాబిచ్చేవాళ్లు నాకు దొరుకుతూనే ఉంటారు. వాళ్లను వెంటనే వదలను. ఇంకేం చూశావని అడుగుతాను. ఆ గేటు దగ్గర నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పొచ్చని నాకు అప్పుడూ తెలుసు.