పెద్దబాపు పచ్చసిరా కాయితం

మా పక్కింటి పెద్దబాపు పోయాడు. నేను కామారెడ్డిలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "పొద్దుగాల మంచిగనే చాయ్ తాగిండు బిడ్డా. బస్టాండుకు పోత అని చెప్పులేసుకున్నడు, గడపకాడనే కూలవడ్డడు" అంది. ఎల్లారెడ్డికి తర్వాతి బస్సు ఎన్నింటికో అడుగుదామని నా వేలు పెద్దబాపు నంబరు మీదికే పోయింది. ఏళ్లనాటి అలవాటు మరి. ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆయన ఎల్లారెడ్డి బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా ఎనిమిదయ్యేసరికి అక్కడి బెంచీ మీదే ఉండేవాడు, ఒళ్లో పొడుగాటి నోటుబుక్కుతో. వచ్చిన ప్రతి బస్సు టైమూ రాసుకునేవాడు. రాయమని ఎవరూ చెప్పలేదు, రాసింది ఎవరూ అడగలేదు. జుక్కల్ పోవాలని ఏ ముసలమ్మో వస్తే కళ్లు మూసుకుని చెప్పేవాడు: "అవ్వా, తొమ్మిది పదికి పిట్లం బస్సున్నది. డ్రైవరు నిజాంసాగర్ కాడ చాయ్ తాగుతడు, పది నిమిషాలు కలుపుకో. పిట్లంల దిగి ఉరకకు, జుక్కల్ బస్సు ఆగే ఉంటది."

ఒకసారి ఎవరో బస్సు గురించి అడిగితే "పోయింది" అనేసి నా దారిన నేను పోతున్నాను. పిలిచి మరీ కోప్పడ్డాడు. "ఉత్తగ పోయిందని చెప్పి ఊకుంటరా బిడ్డా? ఇంకోటి ఎప్పుడున్నదో గూడ చెప్పాలె."

జనం నవ్వేవాళ్లు. పింఛను తీసుకుని ఇంట్లో కాళ్లు చాపుకోక ఈ పిచ్చేందనేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. కానీ ఓ సాయంత్రం నోటుబుక్కు మూస్తూ, "నా అసొంటోడు ఇంకోడు ఎక్కడన్న ఉంటడా?" అని అడిగాడు. అడిగిన తీరులో నవ్వు లేదు.

నేనప్పుడు కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. 2011 అనుకుంటా. అంకెల పజిళ్లంటే నాకు ప్రాణం. స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్లో వాటికోసం వెతుకుతుంటే ఒక గ్రూపు కనబడింది. మేం నెర్డులం అని వాళ్లకు వాళ్లే చెప్పుకునేవాళ్ల గ్రూపు. ఊరికే చేరనివ్వరు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరికి రాగానే పెద్దబాపుకు చెప్పాను.

"నెర్డులంటే ఏంది?"

"ఒక్కదాని మీదనే పానం పెట్టుకునేటోళ్లు పెద్దబాపు. ఎవ్వలు నవ్వినా ఇడువరు."

కళ్లజోడు తీసి ధోతి అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. "గట్లాంటోళ్లకు సంఘం గూడ ఉన్నదా? మరి నన్ను తీసుకుంటరా?"

తర్వాతి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కామారెడ్డి వచ్చాడు. నెట్ సెంటర్లో నా పక్క కుర్చీ అంచున, ఇంటర్వ్యూకు వచ్చినట్టు కూర్చున్నాడు. ముందు నాది నింపాను, తర్వాత ఆయనది. ఆయన చెప్పేది నేను ఇంగ్లీషులో కొడుతున్నాను. మీ చుట్టుపక్కలవాళ్లు మిమ్మల్ని ఏమంటారని ఒక ప్రశ్న. "పిచ్చోడంటరు. అదే రాయి, అబద్ధమెందుకు?" అన్నాడు. మీ పిచ్చికి ఆనవాలు ఏదైనా ఉంటే జతచేయండి అని చివరి ప్రశ్న. పెద్దబాపు మొహం వెలిగిపోయింది. సంచీలోంచి ఒక కాయితం తీశాడు.

జీవితమంతా దరఖాస్తులతో బతికిన మనిషి. గెజిటెడ్ ఆఫీసరు సంతకం లేని కాయితం ఎక్కడా కదలదని ఆయన నమ్మకం. అందుకని ముందే పశువుల డాక్టరు దగ్గరికి పోయి పచ్చసిరాతో సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకొచ్చాడు. "ఈయనకు బస్సుల టైముల మీద పిచ్చి ఉన్నమాట వాస్తవమని, చాలాకాలంగా నేనెరుగుదునని ధ్రువీకరించడమైనది." ఎందుకైనా మంచిదని మూడు కాపీలు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గ్రూపువాళ్ల ఇంగ్లీషేంది, మా పశువుల డాక్టరు ముద్రేంది! ఆయనతో కలిపి నన్నూ చూసి నవ్వుతారనుకున్నాను. స్కాన్ చేయించుకొస్తానని లేచి వెళ్లి, కాయితం నా ఫైల్లో దాచేసి వచ్చాను. పంపాను పెద్దబాపు అని చెప్పాను.

పది రోజుల్లో నన్ను చేర్చుకున్నారు. ఆయనకు మాత్రం, మీ గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది, ఆనవాలు ఏదైనా పంపండి, ఎదురుచూస్తుంటాం అని రాశారు. ఆ ఆనవాలు నా ఫైల్లోనే ఉంది. నేను పంపలేదు.

లోపలికెళ్లి చూస్తే ఏముంది? ఒకాయన పాత తాళాల గురించి పేజీలకు పేజీలు రాస్తాడు. ఇంకొకావిడ గోడల మీది నాచును ఏళ్లుగా గమనిస్తోంది. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వడం లేదు. పెద్దబాపు కాయితాన్ని వాళ్లు నెత్తిన పెట్టుకునేవాళ్లు. ఆ సంగతి అర్థమయ్యాకైనా పంపాల్సింది. పంపితే ఇన్నాళ్లు దాచానని ఒప్పుకోవాలి కదా. పరీక్షలయ్యాక అనుకున్నాను, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను. ఈలోగా ఆ గ్రూపే మూతపడింది.

వారం వారం అడిగేవాడు. "జవాబొచ్చిందా బిడ్డా?" ఇంకా రాలేదనేదాన్ని. ఆయనే నన్ను ఓదార్చేవాడు. "సర్కారు కాయితానికే ఆర్నెల్లు పడ్తది. ఇది దేశమంత తిరిగి రావాలె గద." గ్రూపు మూతపడిన సంగతి కూడా చెప్పలేదు. పోయిందంటే ఇంకోటి ఎప్పుడున్నదో చెప్పాలి. అది నాకు తెలియదు. సిగ్గులేని దాన్ని, మూడేళ్లు అట్లాగే గడిపేశాను.

పదకొండో దినం నాడు పెద్దమ్మ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమనేటోడు. గా సంఘపోళ్లొస్తే దావత్ చెయ్యాలె అని నా పానం తీసేటోడు" అంది. కన్నీళ్లు ఆపుకోలేక ఆమె ఒళ్లో తల పెట్టి అంతా చెప్పేశాను. ఆమె నా వీపు మీద వేసిన చెయ్యి తీయలేదు.

చివరి పేజీలో ఎర్రగీత కొట్టి పైన రాశాడు: "మనోళ్లు ఎల్లారెడ్డికి వచ్చే తొవ్వ." కింద వరసగా ఉంది. రైలుకు వచ్చేటోళ్లు కామారెడ్డిల దిగాలె. హైదరాబాద్ నుంచి బస్సుకైతే మెదక్ మీదికెళ్లి. మహారాష్ట్ర దిక్కు నుంచైతే పిట్లంల మారాలె. ప్రతిదానికీ టైములు, టైములు మారినప్పుడల్లా కొట్టేసి పక్కనే కొత్తవి. ఆఖరి దిద్దుబాటు పోయిన నెలలోది. అన్నిటికన్నా కింద, "ఏ బస్సుకొచ్చినా దిగినకాడనే నిలవడుండ్రి. నేను బస్టాండులనే ఉంట" అని ఉంది.

మొన్న ఆదివారం ఊరికెళ్లాను. కామారెడ్డి బస్సు ఆయన రాసిన టైముకే ఎల్లారెడ్డి చేరింది. అందరూ సంచులు తీసుకుని వెళ్లిపోయారు, బస్సూ పోయింది. నేను దిగినచోటే నిలబడ్డాను.