ఎదురంగడి కంప్యూటరు

సమీవుల్లా ఈ లోకంలో ఓర్వలేనిది ఒక్కటే: తనదానికంటే వేగంగా నడిచే ఇంకొకరి కంప్యూటరు. ఎర్రగుంట్లలో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే అంగడి ఆయనది. పక్కనే నాది లారీ బుకింగ్ ఆఫీసు. ఆ కుళ్ళును పదేళ్లుగా దగ్గరనుంచి చూస్తున్నాను.

ఒకసారి భార్య ఫాతిమా బీకి కడుపునొప్పి వస్తే స్కానింగుకు తీసుకుపోయాడు. డాక్టరు తెర మీద చూపిస్తూ, "కిడ్నీలో రాళ్లున్నాయి" అన్నాడు.

ఈయన తెర వదిలేసి బల్ల కిందికి తొంగిచూశాడు. "సార్, ఈ ప్రాసెసరుకు ఎన్ని కోర్లు?"

"ముందు నా రాళ్లు లెక్కబెట్టయ్యా!" అని ఆవిడ మంచం మీదనుంచే అరిచింది.

మా చర్చిలో పాటలు తెర మీద వేయడానికి కొత్త కంప్యూటరు కొన్నారని నేను నోరు జారితే, ఆ పూట ఆయనకు సంగటి దిగలేదు. "పాటలు సూపించేదానికి పదహారు జీబీ ర్యామా హెన్రీ? నాకేమో ఎనిమిదేనా?" మర్నాడే కడపకు పోయి తనదానికీ పదహారు వేయించుకొచ్చాడు.

అలాంటివాడి దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్న జెస్సీ, ఈ వేసవిలో ఎదురుగానే సొంత అంగడి పెడుతున్నానని చెప్పింది. సమీవుల్లా ముఖం మాడిపోయింది.

"కంప్యూటరు కొంటివా?"

"లేదు భాయ్. రేపు కడపకు పోతాండా."

"నేనూ వస్తా."

ఏ డొక్కుదో ఆ పిల్లకు అంటగట్టిస్తాడని నాకు అనుమానం. నేనూ బస్సెక్కాను.

కడపలో ఆయనకు తెలిసిన అంగడివాడే ఒక అద్దాల పెట్టె చూపించాడు. లోపల ఫ్యాన్లు ఎర్రగా, నీలంగా వెలుగుతున్నాయి. జెస్సీ కళ్ళూ వెలిగాయి.

"ప్రాసెసరు ఏ సంవత్సరందప్పా?" అన్నాడు సమీవుల్లా.

వాడు గొంతు తగ్గించి చెప్పాడు. అది ఎనిమిదేళ్ల నాటిది.

"లైట్లు పెండ్లిపందిట్లో ఎలగాల. ఈ పాప చేసేది ఫ్లెక్సీలు. పెట్టె రేకుదే ఇయ్యి. ప్రాసెసరు మాత్రం కొత్తది ఏయి. ర్యామ్ ముప్పైరెండు. ముందుముందు ఇంగా పెంచుకునేదానికి ఖాళీ ఉండే మదర్‌బోర్డు సూడు."

అద్దాలు, లైట్లు తీసేయించి, ఆ పిల్ల తెచ్చుకున్న డబ్బులోనే అన్నీ పట్టించేదాకా రెండు గంటలు కొట్లాడాడు.

"భాయ్, ఇది మీదానికంటే మూడింతలు ఫాస్టు" అన్నాడు అంగడివాడు, ఉడికిద్దామని.

సమీవుల్లా పెట్టె మీదనుంచి చూపు తిప్పుకున్నాడు. "తెలుసులే. బిల్లు రాయి."

బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఎర్రగుంట్ల దాకా నిట్టూరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు అంతా తానే బిగించాడు. తన అంగట్లో నాలుగు నిమిషాలు పట్టే ఫ్లెక్సీ ఫైలు, జెస్సీ దగ్గర నిమిషం దాటగానే తెరుచుకుంది.

"ఇంగొకసారి తెరువు" అన్నాడు. మళ్ళీ అంతే. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

అంతలో సమీవుల్లా పాత గిరాకీ గోపన్న పరుగున వచ్చాడు. "భాయ్, మా గృహప్రవేశం ఫ్లెక్సీ సాయంత్రానికే కావాల!"

"నాకాడ లేటయితాది. ఈడనే చేయించుకో. జెస్సీ బిరీన ఇస్తాది" అన్నాడు సమీవుల్లా, పళ్ళు కొరుకుతూ.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఇంత కుళ్ళు పెట్టుకొని, ఆ పాతదే కొననిచ్చుంటే పోయేది గదా?"

"పని మధ్యలో ఆగిపోతే గిరాకీలు యెట్ల తిడతారో నీకేం తెలుసు? ఆ తిట్లు నేను పదేండ్లు తిన్యా. ఆ పిల్లకెందుకు?" అన్నాడు. మళ్ళీ ఎదురంగడి వైపు చూసి నిట్టూర్చాడు. "అయినా డొక్కుదాన్ని జూసి కుళ్ళుకుంటే, నా మర్యాద ఏం గావాల హెన్రీ?"