భోషాణం తియ్యత్తా!

మా మేనత్తకు భోషాణమంటే పెట్టె కాదు, దానికి వేలాడే ఇత్తడి తాళంకప్ప. ఆ మాట కూడా పెట్టెతోపాటు రేపల్లె నుంచి తన వెంటే కాపురానికి వచ్చిందనేది. తెనాలిలో ఆ మంచమంత పెట్టెను చెదలు తినేస్తే, కప్పను రేకు ట్రంకుకు తగిలించింది. ఇక ట్రంకే భోషాణం. రేడియో కొన్నాక వడ్రంగి చేత దానికి తలుపుల గూడు చేయించి, కప్పను అటు మార్చింది. ట్రంకు మళ్లీ ట్రంకైపోయింది. వార్తల వేళకు ఇంటిల్లిపాదీ చేరితే, "భోషాణం తియ్యత్తా!" అని నేను బతిమాలేవాణ్ణి.

డెబ్బైల్లో బాపట్లలో కొడుకు దగ్గరికి చేరింది. కోడలు రేడియోను గూట్లోంచి తీసి హాల్లో పెట్టేసింది. నేను అత్తను చూడ్డానికెళ్లి తన గది తలుపు తడితే, లోపల తాళం తిరిగిన చప్పుడై తలుపు తెరుచుకుంది.

"గదికి లోపల తాళమేంటత్తా?"

"గదేంట్రా? ఇది భోషాణం."

"తాళం వేసేంత విలువైందేముంది ఇందులో?"

"నేను లేనూ?" అంది.