మిద్దె మీద పత్తాలు

సుభద్రమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ముప్ఫై ఏళ్లు ఆసు పోసిన చెయ్యి ఆమెది. కేతేపల్లి పక్క ఊళ్లో, మగ్గం ఉన్న గదిలోనే ఓ మూల, అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ పట్టుదారాన్ని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తిప్పుతూ పోయేది. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి అలా పోయి రావాలి. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే నోరు కబుర్లు చెప్పేది, లోపల లెక్క దానంతటది నడిచేది. ఎన్నో పోగు దగ్గరున్నావని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేది.

యాభై రెండో ఏట కుడి భుజం మొరాయించింది. ఆ పని మళ్లీ చేస్తే చెయ్యి తలదాకా కూడా లేవదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. భర్త వెంకటనర్సు పోయి అప్పటికే ఆరేళ్లు. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్న కూతురు అఖిల వచ్చి తల్లిని తనతో తీసుకుపోయింది.

రెండు గదుల కిరాయి ఇల్లు. ఎనిమిదింటికి అఖిల డ్యూటీకి పోతే తొమ్మిదిన్నరకల్లా ఇంటిపని అయిపోయేది. ఆ తర్వాత సుభద్రమ్మ తుడిచిన అలమారనే మళ్లీ తుడిచేది. మడతపెట్టిన చీరలు విప్పి మళ్లీ మడతపెట్టేది. టీవీ పెట్టుకుంటే ఐదు నిమిషాలకు లేచి గేటు దాకా పోయి వచ్చేది. ఎవరికోసం చూస్తున్నావమ్మా అని పక్కింటివాళ్లు అడిగితే గేటు గడియ మరోసారి వేసి లోపలికొచ్చేది.

"జర కుదురుగ కూసో అమ్మా. నిన్ను చూస్తుంటే నా కాళ్లు గుంజుతున్నయ్," అనేది అఖిల.

"కూసునే ఉన్న గదనే," అనేది సుభద్రమ్మ, అప్పటికే లేచి నిలబడి.

ఆ ఇంటి మిద్దె మీద ఒంటిగదిలో డానియల్ అని ఒకతను ఉండేవాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఓ ఆదివారం బట్టలారేయడానికి పైకి పోయిన సుభద్రమ్మకు అతను నీడలో చాపేసుకుని, రంగురంగుల బొమ్మల కార్డులు రెండు వరుసలుగా పేర్చుకుని, ఈ వైపు ఒకటి ఆ వైపు ఒకటి తనే వేస్తూ కనిపించాడు. రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే బల్లులు, వీపుమీద కొండను మోసే తాబేళ్లు. బకెట్టు దించి చాలాసేపు చూసింది.

"గా పక్కకు ఎవరున్నరు బిడ్డా?"

"ఎవరు లేరు పెద్దమ్మా. నాతోని నేనే ఆడుకుంటున్న. ప్రాక్టీసు."

"పత్తాలా?" అంది ఆమె. గొంతు దానంతటదే గట్టిపడింది.

ఆ మాటకు కారణం ఉంది. వెంకటనర్సు మంచి నేతగాడు, కానీ పత్తాల పిచ్చి, పైసలు పెట్టి పేకాడేవాడు. మగ్గం మీద చీర సగంలో ఉండగానే చుట్టాల ఇంటికి పోయొస్తానని చెప్పి లేచేవాడు. రెండు రోజులకో మూడు రోజులకో ఎర్రటి కళ్లతో తిరిగొచ్చేవాడు. ఓసారి సుభద్రమ్మ అతని పత్తాల కట్ట తీసి మండుతున్న పొయ్యిలో పెట్టింది. అప్పుడు అఖిలకు తొమ్మిదేళ్లు. ఇప్పటికీ ఎవరైనా పత్తాల ఊసెత్తితే ఆ పిల్ల అక్కణ్ణుంచి లేచిపోతుంది.

"అవి వేరు, ఇవి వేరు," అన్నాడు డానియల్. దుకాణంలో పొట్లాలుగా దొరికే కార్డులివి. నచ్చినవి ఉంచుకుంటారు, అక్కర్లేనివి ఒకరితో ఒకరు మార్చుకుంటారు. అలా ఎవరికి వారు నలభై కార్డుల కట్ట తయారు చేసుకుంటారు. ఇద్దరికీ చెరి పది ప్రాణాలు. వంతుకో కార్డు తీసి, చేతిలో ఉన్నవాటిలోంచి ఓ జంతువును దింపి, ఎదుటివాడి జంతువులను దాటుకుని అతని ప్రాణాలు తియ్యాలి. "పైసల ముచ్చటే లేదు పెద్దమ్మా. ఎదురుంగ కూసుంటవా జర?"

ఒక్క ఆటకని కూర్చుంది. బట్టలు బకెట్టులోనే వాసనపట్టాయి.

కార్డుల మీద ఇంగ్లీషు ఆమెకు రాదు. డానియల్ ఒక్కో కార్డు ఏం చేస్తుందో తెలుగులో కాగితం మీద రాసిచ్చాడు. వారం తిరగకుండా ఆ కాగితం అవసరం తీరిపోయింది. జంతువులకు తనే పేర్లు పెట్టుకుంది. కొండ తాబేలు, సొట్టమూతి నక్క, మొండితోక బల్లి. నెల తిరిగేసరికి డానియల్ మూడాటల్లో రెండు ఓడిపోవడం మొదలైంది.

"నా చేతుల ఏమున్నయో నీకెట్ల తెలుస్తుంది పెద్దమ్మా?"

"నువ్వు ఏసినవి లెక్కపెడుతున్న. మిగిలినవి చేతుల్నన్న ఉండాలె, కట్టలన్న ఉండాలె."

ఆమె ఇబ్బంది ఒకటే, ఆగలేకపోవడం. మంచి జంతువు చేతికి రాగానే దింపేసేది, దింపగానే మీదికి తోలేసేది. ఓడిన ఆటలన్నీ అలా తొందరపడి ఓడినవే. ఆ సంగతి తెలిసీ చెయ్యి ఆగేది కాదు.

ఆషాఢంలో, క్లాక్ టవర్ దగ్గర స్టేషనరీ దుకాణం నడిపే పరశురాం అనే కుర్రాడు తన దుకాణం పైనున్న ట్యూషన్ హాల్లో పోటీ పెట్టాడు. డానియల్ తనతో పాటు ఆమె పేరు కూడా రాయించాడు. సుభద్రమ్మ వద్దనలేదు. అయితే అఖిలకు ఏం చెప్పాలో తోచక, శనివారమంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. ఆదివారం పొద్దున అఖిల డ్యూటీకి పోతూ చెప్పులేసుకుంటుంటే, తనూ బయటికి పోతున్నానని చెప్పింది.

"పొద్దూకేదాక నీకు ఒక్కదానికే బోర్ కొడ్తదేమో అనుకున్న. ఏడికి పోతున్నవ్?" అంది అఖిల.

"మన చుట్టాలు ఒకలు బాదేపల్లి దిక్కున్నరు. పోయి సాయంత్రం వరకు వస్త," అని నోటికొచ్చింది చెప్పేసింది.

అఖిల ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసి, సరే అని స్కూటీ తీసింది.

హాల్లో ఇరవై నాలుగు మంది. ఓడినా గెలిచినా అందరికీ నాలుగేసి ఆటలు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, కొందరు బడిపిల్లలు. తన వయసువాళ్లు ఎవరూ లేరు. ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కపోత. మొదటి ఆట ఇరవై నిమిషాల్లో గెలిచింది. రెండోదీ గెలిచింది. కష్టమల్లా మధ్యలో ఖాళీ సమయంతోనే. అందరి ఆటలూ అయ్యేదాకా ఆగాలి. డానియల్ కుర్చీ చూపించాడు. కూర్చుంది, లేచింది. కిటికీ దగ్గరకు పోయి రోడ్డు చూసింది. మంచినీళ్లు తాగింది, ఇంకోసారి తాగింది. బాదేపల్లిలో ఏ చుట్టమని అఖిల అడిగితే ఏ పేరు చెప్పాలా అని ఆలోచించింది. ఏ పేరూ తట్టలేదు.

మూడో ఆటకు ఎదురుగా ఎల్లేష్ అనే ఇంజినీరింగ్ కుర్రాడు కూర్చున్నాడు. రెండాటలు ఐదేసి నిమిషాల్లో గెలిచి వచ్చాడట. ఆమెను చూసి నవ్వలేదు గానీ ఫోను మాత్రం బల్ల మీద పెట్టుకుని మధ్యమధ్య చూసుకుంటున్నాడు. సుభద్రమ్మ ఎప్పటిలాగే తొందరపడింది. రెండు మంచి జంతువులను చేజేతులా పోగొట్టుకుంది. ఆమెకు మూడు ప్రాణాలు మిగిలాయి, అతనికి నాలుగు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇద్దరు పోలీసులు. ముందున్నది యాదయ్య అనే పెద్దవయసు కానిస్టేబులు.

"ఎవ్వరు కదలొద్దు. మిద్దె మీద పత్తాలాడుతున్నరని ఫోనొచ్చింది. గీ హాలు ఎవరిది?"

పరశురాం ముందుకొచ్చి ఏదో చెప్పబోయాడు గానీ నోరు తడబడింది. చిన్నపిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. రెండో పోలీసు ఒక బల్ల మీది కార్డులను కుప్పగా లాగాడు. యాదయ్య చూపు తిరిగి తిరిగి సుభద్రమ్మ మీద ఆగింది.

"అక్కా, నువ్వు గీడేం జేస్తున్నవ్?"

ఆమె లేచింది. "ఆడుతున్న సారు. నా మగడు పదిహేనేండ్లు పత్తాలాడిండు. పత్తాలంటే ఏందో ఈడున్న అందరికన్న నాకే ఎక్కువ ఎరుక. గివి అవి కావు. ఇటు రా, చూపిస్త."

యాదయ్య వచ్చాడు. ఆమె అప్పటికే ఆడి పక్కన పెట్టిన కార్డులు ఒక్కొక్కటే తిప్పి చూపించింది. ఇది తాబేలు, దీని బలం ఇంత. ఇది నక్క, బలం తక్కువ గానీ ఇంకొకదాన్ని లాక్కొస్తుంది. అతను వంగి చూశాడు. గెలిస్తే ఏమిస్తారని అడిగాడు. పరశురాం మూలనున్న కార్డుల పెట్టె, ఓ చిన్న కప్పు చూపించాడు. యాదయ్య రెండో అతన్ని కార్డులు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు.

"ఆట మంచిదే కావచ్చు. పిల్లలందరు ఇండ్లల్ల చెప్పే వచ్చిండ్రా?" అని, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు?"

సుభద్రమ్మ తల వంచుకుని కార్డులు సర్దసాగింది.

"నంబరియ్యి," అన్నాడు యాదయ్య. అందరి ఇళ్లకూ ఫోన్లు చేయించాడు. అఖిలకు తనే చేశాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఏం కాలేదు. మీ అమ్మ గీడ కార్డులాడుతాంది, నీకు ఎరుకేనా?"

పావుగంటలో అఖిల వచ్చింది. ల్యాబు కోటు కూడా విప్పలేదు. గుమ్మంలో నిలబడి హాలంతా చూసి, బల్లలు చూసి, తల్లి చేతిలోని కార్డులు చూసింది.

"ఇంటికి నడువ్."

"జర ఆగు. ఈ ఆట అయినంక వస్త."

"అమ్మా."

"సగంల లేస్తే ఓడినట్టే రాస్తరు బిడ్డా. ఆగు."

అఖిల గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. పోలీసులు మెట్లు దిగిపోయారు. ఎల్లేష్ ఫోను జేబులో పెట్టేశాడు.

వీపు మీద కూతురి చూపు గుచ్చుకుంటోంది. సుభద్రమ్మ కాలు బల్ల కింద ఆగకుండా ఆడుతోంది. చేతిలో ఇంకో కొండ తాబేలు, ఇంకో నక్క ఉన్నాయి. తాబేలు ఒక్కటి దాటితే చాలు, అతని నాలుగు ప్రాణాలూ పోతాయి. తోలెయ్యి, లేచి పో అని ఒళ్లంతా చెబుతోంది. వేలు తాబేలు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

నిప్పు కార్డులు. ఎదుటి జంతువును అక్కడికక్కడే కాల్చేసే ఆ కార్డు ఒక్కో కట్టలో నాలుగు దాకా ఉండొచ్చు. అతను మూడు వేశాడు. ఒకటి మొదట్లో, రెండు పోలీసులు రాకముందు. నాలుగు వంతులుగా ఎడమచేతి చివరి కార్డును అతను కదిలించలేదు. లెక్క ఆమె వేసింది కాదు, దానంతటదే వచ్చి నిలబడింది.

నక్కను దింపి మీదికి తోలింది. ఎల్లేష్ తటపటాయించాడు. నక్క తగిలితే రెండు ప్రాణాలు పోతాయి, ఆ పైన ఏం వస్తుందో తెలియదు. ఎడమచేతి చివరి కార్డు తీసి వేశాడు. నిప్పు. నక్క పోయింది.

తర్వాతి వంతుకు తాబేలు దిగింది. ఆపడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు, నాలుగు ప్రాణాలూ పోయాయి.

"ఆంటీ, నాలుగోది నా దగ్గర ఉందని ఎట్ల తెలిసింది?" అన్నాడు ఎల్లేష్.

"తెలువదు బిడ్డా. ఉంటదనుకున్న," అంది.

ఇంకొక్కటేనని కూతురికి వేలు చూపించి కూర్చున్న నాలుగో ఆట ఎక్కువసేపు నడవలేదు. తొమ్మిదో తరగతి చదివే వర్షిత అనే పిల్ల, జడ కొస నములుతూ, పది నిమిషాల్లో ఆమెను ఊడ్చేసింది. మూడు గెలుపులతో సుభద్రమ్మకు ఐదో స్థానం. పరశురాం ఇచ్చిన కార్డుల పొట్లాన్ని కొంగులో ముడేసుకుని కూతురి వెనక స్కూటీ ఎక్కింది.

రైల్వే గేటు పడి ఉంది. వాహనాలన్నీ ఆగాయి. అఖిల వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"నాయిన గూడ గిట్లనే చెప్పెటోడు. చుట్టాల ఇంటికని."

పొద్దున ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చి నోట్లో పడిందో సుభద్రమ్మకు అప్పుడు అర్థమైంది. గూడ్సు బండి పోతోంది, ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, తెగడం లేదు. దిగి నాలుగడుగులు వెయ్యాలనిపించింది. దిగలేదు, స్కూటీ సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

"అబద్ధం చెప్పుడు తప్పే," అంది చివరికి. "నీకు కోపమొస్తదని భయపడ్డ. మీ నాయిన గూడ నాకు భయపడే చెప్పిండేమో, నాకు తెలువదు. కని ఆట తప్పు కాదు అఖిలా. ముప్ఫై ఏండ్లు నా చెయ్యి తిరిగింది. ఇప్పుడు ఇంట్ల కూసుంటే నాకు పిచ్చి లేస్తాంది."

"నాకు చెప్పొచ్చు గద."

"ఏమని చెప్పాలె? నువ్వు పొద్దున పోయి పొద్దూకినంక వస్తవ్. అలసి వస్తవ్."

గేటు లేచింది. వెనకనుంచి హారన్లు. అఖిల స్కూటీ ముందుకు నడిపింది. ఇంటికొచ్చాక రెండు రోజులు పొడిపొడిగానే మాట్లాడింది. మూడో రోజు డానియల్ మిద్దె దిగి వచ్చి, తప్పు తనదేనని, పేరు తనే రాయించానని చెప్పాడు. అఖిల అతనికి చాయ్ ఇచ్చింది.

కార్తీకంలో నల్లగొండలో ఇంకో పోటీ పడింది. ఈసారి వారం ముందే చెప్పింది సుభద్రమ్మ. అఖిల ఊఁ అని ఊరుకుంది. తెల్లారకముందే లేచి బస్సెక్కి అంత దూరం పోయి, మొదటి ఆటలోనే తొందరపడి ఓడిపోయింది. పొద్దూకేసరికి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, వంటింట్లో గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"ఓడినవా?" అంది అఖిల.

"ఓడిన."

"గిన్నెలు నేను సర్దిన. అన్నం తిను ముందు."

సుభద్రమ్మ కంచం పెట్టుకుంది. అఖిల ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మల్ల ఎప్పుడంట?"

"వచ్చే నెల. సూర్యాపేటల."

"ఆదివారమేనా? నాకు డ్యూటీ ఉంటది. బస్టాండుల దింపుత, అక్కడికెల్లి నువ్వే పో."